ముట్టుకోమాకండి, ఇవాళ దశమి

పోయినవాళ్ళ గురించి మంచి తప్ప మాట్లాడకూడదంటారు. ఆ లెక్కన ఈయన గురించి నేను నోరు మూసుకుని కూర్చోవాలి. మొన్న ఆదివారం మావారికి ఫోనొచ్చింది. "అయ్యో", "ఎప్పుడూ?", "పోన్లే, మంచాన పడకుండా వెళ్ళిపోయారు" అని మూడు ముక్కలు మాట్లాడి పెట్టేసి, "మన రువైస్ బాబాయిగారు పోయారటే" అన్నారు. "మంచిరోజు చూసుకునే పోయుంటార్లెండి" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. మావారు నవ్వారు. ఆ నవ్వుతోనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఆయనకో పేరుండేది. ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు కాబట్టి ఇక్కడ రాసినా ఆయన గుర్తుకురారు. అబుదాబీకి పడమట, ఎడారి చివర, రువైస్‌లో రిఫైనరీ కడుతున్న రోజులవి. ఆయన అక్కడ రిగ్గర్ల ఫోర్‌మన్. అంటే, క్రేను ఎత్తే ఇనప సామాను ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో కిందనుంచి చేతి సైగలతో చెప్పే మనిషి. తెలుగువాళ్ళందరికీ బాబాయిగారు. మలయాళీలు కూడా అదే ఆయన పేరనుకుని "మిస్టర్ బాబాయిగార్" అనేవాళ్ళు.

పనిలో సైగలు సరే, ఇంట్లో కూడా అవే. మా ఇంటికొచ్చి కూర్చుని టీ ఇంకొంచెం కావాలంటే బొటనవేలు పైకెత్తేవారు. చాలంటే పిడికిలి బిగించి చూపించేవారు. ఏదైనా ప్రమాదం అనిపిస్తే రెండు చేతులూ బార్లా చాపి అడ్డంగా ఊపేవారు. మా పాప వరండాలో పరుగెత్తినా అదే ఊపు, నేను పొయ్యిమీద నూనె మూకుడు పెట్టినా అదే ఊపు. "నేను క్రేను కాదు బాబాయిగారూ" అంటే, "క్రేనైతే మాట వింటదమ్మాయ్" అనేవారు.

ఇక పంచాంగం. అబ్బ, ఆ పంచాంగం! ఊరినుంచి ఉగాదికి తెప్పించుకునేవారు. పాలిథీన్ కవర్లో చుట్టి, కంపెనీ ఇచ్చిన నీలం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవారు. తిథి ఎప్పుడు మారుతుందని చూడాలి, ఇండియా టైములోంచి గంటన్నర తీసెయ్యాలి, పక్కన పెన్సిల్‌తో రాసుకోవాలి. సైటు మా క్వార్టర్లకి పడమట ఉండేది. ఆదివారం పడమటికి వారశూల, అటు ప్రయాణం కూడదు. కానీ ఆ దేశంలో ఆదివారం డ్యూటీ. అందుకని శనివారం సాయంత్రమే ఆయన హెల్మెట్టూ టిఫిన్ క్యారేజీ పట్టుకొచ్చి మా గడపలో పెట్టేవారు. ఎందుకని మొదటిసారి అడిగాను.

"పరస్థానం అమ్మాయ్. సామాను శనారం బయల్దేరిందంటే నేను బయల్దేరినట్టే."

"రాత్రికి మళ్ళీ ఇంటికెళ్ళి పడుకుంటారుగా?"

"నేను పడుకుంటా. ప్రయాణం పడుకోదుగా" అన్నారు.

ప్రతి ఆదివారం పొద్దున్న నేను తలుపు తీసి, ఆ పచ్చ హెల్మెట్టుకి కాలు తగిలి తూలిపడేదాన్ని.

మా సంగతి చెప్పాలి. పాపకి నలభయ్యో రోజు రాకుండానే మావారు దుబాయ్ విమానం ఎక్కారు. అక్కడ అబుదాబీ అయినా రువైస్ అయినా మా తెనాలి వాళ్ళకి దుబాయే. ఐదేళ్ళలో రెండుసార్లు వచ్చి వెళ్ళారు. కుటుంబాన్ని దగ్గర పెట్టుకునే గ్రేడు కాదు ఆయనది. ఎలాగో మూడు నెలల విజిట్ వీసా దొరికి నేనూ పాపా వెళ్ళాం. ఎయిర్‌పోర్టులో పాప వాళ్ళ నాన్నని "అంకుల్" అంది. ఆయన మొహం చూడాలి అప్పుడు! నెల పట్టింది "నాన్న" అనడానికి. రెండో నెలలో పక్కన పడుకుంది. ఆ పక్కన పడుకున్న రోజుల్లోనే ఆయన పాపకి మాటిచ్చారు: వెళ్ళేలోపు నిన్ను సముద్రానికి తీసుకెళ్ళి, భుజాల మీద ఎక్కించుకుని నీళ్ళలోకి తీసుకెళ్తా అని. ఇక ఆ పిల్ల పొద్దున లేస్తే అదే పాట. భుజాల మీద ఎక్కి గోడ దగ్గరికి వెళ్ళి అది కెరటం అనుకునేది.

రువైస్‌లో సముద్రం లేదా అంటే ఉంది. కంచె అవతల, జెట్టీ వెనక, గార్డు వెనక. అందుకని బక్రీద్ సెలవులకి ఖోర్‌ఫక్కాన్ అనుకున్నాం. దేశానికి ఆ చివర, తూర్పు ఒడ్డున, కొండల కింద ఉన్న ఊరు. ఇసుక మెత్తగా ఉంటుందనీ, నీళ్ళు పచ్చగా ఉంటాయనీ, తెల్లవాళ్ళు కూడా పిల్లల్ని తీసుకుని సెలవులకి అక్కడికే వెళ్తారనీ చెప్పారు. సెలవులు అయిన మూడోరోజుకి మా విమానం. మళ్ళీ ముగ్గురం కలిసేది రెండేళ్ళకే. అందుకని నాకు ఆ మూడు రోజులూ మేం ముగ్గురమే ఉండాలని ఉండేది. వేరే ఏమీ అడగలేదు నేను.

మావారు డ్రైవింగ్ టెస్టు మూడుసార్లు తప్పారు. కారున్నది బాబాయిగారికి.

"మీకెందుకు శ్రమ బాబాయిగారూ, టాక్సీలో వెళ్తాం" అన్నాను చాలా మర్యాదగా.

"శ్రమేంటమ్మాయ్! నాకు మాత్రం ఎవరున్నారు? యల్లా, పోదాం" అన్నారు. రెండు రోజుల ముందే ఆయన సూట్‌కేసు మా గడపలోకి వచ్చేసింది.

ఎవరున్నారు అనే మాట ఊరికే అన్నది కాదు. ఆయనది దివిసీమ. అప్పటికి నాలుగేళ్ళ కిందట ఉప్పెనలో భార్య, పెళ్ళికెదిగిన కూతురూ పోయారు. అప్పుడాయన షార్జాలో ఉన్నారు. కబురు చేరేసరికి దినాలు కూడా అయిపోయాయి. నేను వచ్చిన మొదటి రోజే మావారు ఈ సంగతి చెప్పి, "ఆయన దగ్గర ఆ ఊసెత్తకు" అన్నారు. ఎత్తకూడదనే అనుకున్నాను.

బుధవారం తెల్లవారుజామున బయల్దేరాం. ఏసీ లేని పాత తెల్ల కారు. ముందు సీట్లో మావారు, వెనక నేనూ పాపా, ఆయన తెచ్చిన మరచెంబూ, స్టవ్వూ, బియ్యం సంచీ. అబుదాబీ దాటి దుబాయ్ దారిలో పన్నెండుకి ముందు పెట్రోలు పోయించుకున్నాం. పోయించుకుని అందరం ఎక్కి కూర్చున్నాం. ఆయన మాత్రం తాళంచెవి జేబులో వేసుకుని చెట్టులేని ఆ బంకు రేకు నీడలో గొంతుకూర్చున్నారు.

"ఏమైంది?"

"రాహుకాలం. ఒంటిగంటన్నర దాకా బండి తియ్యకూడదు."

"పొద్దున్నే బయల్దేరాంగా బాబాయిగారూ! మళ్ళీ బయల్దేరడమేంటి?"

"ఆగిన బండి తియ్యడమంటే బయల్దేరడమేగా అమ్మాయ్."

గంటన్నర ఆ వేడిలో పడి ఉడికాం. పాప మొహం ఎర్రగా కందిపోయింది. మావారిని గిల్లాను. ఆయన కిటికీలోంచి ఎడారిని చూస్తూ కూర్చున్నారు. మావారికి ఉద్యోగం ఇప్పించింది బాబాయిగారే, పైగా సైటులో పై అధికారి కూడా, నోరెలా లేస్తుంది? ఉన్నవాళ్ళలో నోరున్నది నా ఒక్కదానికే, నాకేమో చిన్నదాన్నని అడ్డం.

కొండల్లోంచి దిగి ఖోర్‌ఫక్కాన్ చేరేసరికి పొద్దు వాలిపోయింది. పోర్టులో క్రేన్ నడిపే మస్తాన్ అని నెల్లూరాయన, ఒకప్పుడు బాబాయిగారి కింద పనిచేసినవాడు, తన రెండు గదుల క్వార్టరు మాకిచ్చి తను స్నేహితుల దగ్గరికి వెళ్ళాడు. "అక్కా, నా ఇల్లే అనుకోండి. రేపు ఈద్. బిర్యానీ మనదే, మీరు పొయ్యి ముట్టించేపనే లేదు" అన్నాడు. ఎంత మంచివాడో.

ఆ ఏడాది బక్రీదూ దసరా ఒకే రోజు వచ్చాయి. పొద్దున్నే పాపకి కొత్త గౌను వేశాను. మావారు ప్యాంటు మోకాళ్ళ పైదాకా మడిచారు. ఆయన కాళ్ళు ఎండలో చూడటం అదే మొదటిసారి నాకు, తెల్లగా కోడిపిల్ల కాళ్ళలా ఉన్నాయి. పాప భుజాల మీద ఎక్కింది. ఒడ్డు చూస్తే, చెప్పినదంతా నిజమే. పచ్చటి నీళ్ళు, వెనక గోడ కట్టినట్టు కొండలు. మావారు నీళ్ళకి పది గజాల దూరంలో ఉండగా ముందు నుంచి బాబాయిగారు రెండు చేతులూ బార్లా చాపి ఊపుతూ అడ్డం వచ్చారు.

"ముట్టుకోమాకండి, ఇవాళ దశమి!"

నాకు మొదట అర్థం కాలేదు. దశమైతే ఏమిటి?

"సముద్రాన్ని పర్వదినాన తప్ప ముట్టుకోకూడదు. అమాస గానీ పున్నం గానీ ఉండాల. రావిచెట్టుకి శనారం ఎట్టాగో దీనికి పర్వం అట్టాగ. పెద్దోళ్ళు చెప్పలేదా మీకు?"

చెప్పారు, ఎందుకు చెప్పలేదు! మా నాయనమ్మా చెప్పింది. కానీ మా నాయనమ్మ పన్నెండు గంటలు కారులో ఉడికి ఖోర్‌ఫక్కాన్ రాలేదు. మావారి వంక చూశాను. మావారు పాపని మెల్లిగా దించారు. "రేపు చూద్దాం" అన్నారు. రేపు ఏకాదశి కాక ఏమవుతుందండీ?

ఆ రోజంతా సముద్రానికి పది గజాల దూరంలో దుప్పటి పరుచుకుని, పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళలాగా దాన్ని చూస్తూ కూర్చున్నాం. పక్కన అరబ్బుల పిల్లలు కేకలు వేసుకుంటూ నీళ్ళలో దొర్లుతున్నారు. ఓ తెల్లదొర తన పిల్లని భుజాల మీద ఎక్కించుకుని మెడలోతు నీళ్ళలోకి వెళ్ళాడు. పాప ఆ పిల్లనే చూసింది. "నాన్నా, దశమి ఎప్పుడు పోతుంది?" అని అడిగింది. మావారు ఇసుకలో గుంట తవ్వి మరచెంబులో నీళ్ళు పోశారు. "ఇదిగో నీ సముద్రం" అన్నారు. ఇసుక పీల్చేసుకుంది. పాప ఆ గుంటని కాలితో తన్నింది.

శుక్రవారం ఏకాదశి. ఆయనకి ఉపవాసం. ఆయన ఉపవాసం అంటే పక్కనున్నవాళ్ళకి శిక్ష. ఖర్జూరం పళ్ళు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ, మేం తినే బిర్యానీని చూసి "తినండి, తినండి, నాకేం లేదు" అని గంటకోసారి అనేవారు. పాప నీళ్ళవైపు తిరిగితే చాలు, పిడికిలి. నిలబడితే పిడికిలి. పాప కూడా ఆ సైగ నేర్చుకుని, నేను అన్నం పెట్టబోతే నాకే పిడికిలి చూపించింది.

ఏ పనీ లేక ఆ మధ్యాహ్నం నేనూ ఓ లెక్క వేశాను. ఆ దేశంలో అందరికీ సెలవులు దొరికేవి రంజాన్‌కీ బక్రీద్‌కీ. రంజాన్ పండుగ అంటే నెలవంక కనబడ్డాక. అంటే అమావాస్య వెళ్ళిపోయాక. బక్రీద్ అంటే పదో రోజు, అంటే దశమి దరిదాపులు. పున్నమికి ఇంకా మూడు రోజులుండగానే సెలవులు అయిపోతాయి. అంటే ఈయన లెక్కన ఆ దేశంలో ఉన్నంతకాలం ఏ తెలుగు సంసారమూ సెలవుల్లో సముద్రంలో కాలు పెట్టడానికి లేదు! ఈ సంగతి గట్టిగా పైకి చెప్పాను, వినాలనే. ఆయన పంచాంగం తీసి, పేజీలు తిప్పి, పెన్సిల్‌తో లెక్కవేసి, "నిజమేనమ్మాయ్! నువ్వు తెలివిగలదానివి" అన్నారు. మెచ్చుకున్నారు! నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది, గోడ లేక ఊరుకున్నాను.

శనివారం ద్వాదశి. మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. పాప పొద్దున్నే లేచి తనే గౌను వేసుకుని, తిరగేసి వేసుకుని, వాళ్ళ నాన్న భుజం తట్టింది. "ఇవాళ భుజాల మీద పెట్టుకో నాన్నా, రేపు మనం ఉండం." మావారు మంచం మీద కూర్చుని పాప గుండీలు సరిచేస్తూ తలెత్తలేదు. ఇక నాకు చాలనిపించింది. పాప చెయ్యి పట్టుకుని సరాసరి ఒడ్డుకి నడిచాను. వెనక మావారు. ముందే వచ్చి అక్కడ నిలబడి ఉన్నారు బాబాయిగారు, చేతులు చాపి.

"ద్వాదశమ్మాయ్. దిగమాక."

"దిగుతాను. తప్పుకోండి."

"పిల్లతో దిగమాక. నా మాట విను. పంచాంగంలో..."

"మీ పంచాంగంలో అన్నీ ఉంటాయిగా బాబాయిగారూ! ఉప్పెన ఏ తిథినాడు వచ్చిందో కూడా రాసుందా?"

తెలియక అన్నానని చెప్పుకోవచ్చు. కానీ తెలిసే అన్నాను. ఎక్కడ తగులుతుందో చూసుకునే అన్నాను.

ఆయన చేతులు దించారు. కోప్పడలేదు. తిథి అడిగినవాళ్ళకి ఎప్పుడూ ఎలా చెప్పేవారో అలాగే చెప్పారు.

"ఉందమ్మాయ్. కార్తీక శుద్ధ నవమి. పర్వం కాదు. మా ఆడోళ్ళు సముద్రాన్ని ముట్టుకోలేదు. అదే ఇంట్లోకొచ్చి వాళ్ళని ముట్టుకుంది."

చెప్పి, నా పక్కనుంచి నడిచి వెళ్ళి కారులో కూర్చున్నారు. ఇప్పుడు అడ్డం ఎవరూ లేరు. నీళ్ళు నాలుగడుగుల్లో ఉన్నాయి. మేం ముగ్గురం అక్కడే నిలబడ్డాం. ఒక్కళ్ళం కూడా అడుగు వెయ్యలేదు. కాసేపటికి మావారు పాపని ఎత్తుకుని వెనక్కి తిరిగారు. పాప ఏడ్చి ఏడ్చి దుబాయ్ దాటేదాకా ఎక్కిళ్ళు పెడుతూనే ఉంది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కోపం మాత్రం పూర్తిగా పోలేదు. నా బిడ్డ సముద్రం నా బిడ్డకి రాలేదుగా!

మర్నాడు ఆదివారం. తలుపు తీస్తే గడపలో హెల్మెట్టు లేదు. సోమవారం టీకి రాలేదు. నేనే గ్లాసు పట్టుకుని ఆయన గది దాకా వెళ్ళి, తలుపు కొట్టలేక తిరిగొచ్చాను. మంగళవారం మా ప్రయాణం. కంపెనీ బండి అడగనా అని మావారు నసుగుతుండగానే, చీకటి విడకముందే, వాకిట్లో హారన్ మోగింది. ఆయనే. మంగళవారం ప్రయాణం కూడదని ఒక్క మాట అనలేదు. సామాను ఎక్కించి, బొటనవేలు పైకెత్తి, బండి తీశారు.

మధ్యాహ్నం విమానం. అబుదాబీలోకి వచ్చేసరికి ఎయిర్‌పోర్టులో చేరాల్సిన వేళ దగ్గరపడుతోంది. మావారు గడియారం చూసుకుంటున్నారు. కారు ఎయిర్‌పోర్టు వైపు తిరగాల్సిన చోట తిరగలేదు. సముద్రం ఒడ్డు రోడ్డు మీదికి పోయి, ఇసుక ఉన్నచోట ఆగింది.

"దిగండి" అన్నారు. "పున్నం."

"బాబాయిగారూ, ఫ్లైటు!" అన్నారు మావారు.

"పున్నం ఘడియలు సాయంత్రం దాకా ఉన్నయ్యయ్యా. నాలుగుసార్లు చూశా. దిగండి. పిల్లని భుజాన పెట్టుకో."

నేను పట్టుచీరలో ఉన్నాను. ఊళ్ళో దిగేటప్పుడు బాగుండాలని కట్టుకున్న చీర. "ఇప్పుడా! ఈ చీరతోనా! మతుండే మాట్లాడుతున్నారా?" అన్నాను. మూడు రోజుల తర్వాత ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అదే. పాప అప్పటికే చెప్పులు విప్పేసింది.

నీళ్ళ దగ్గరికి ఆయన మా వెంట రాలేదు. ఇసుకలో నిలబడి, సముద్రానికి వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగారు.

"నేను చూళ్ళేనమ్మాయ్. మీరు దిగండి. కానీ మాట్లాడతా ఉండండి. గొంతులు వినబడతా ఉండాల. ఆగిందంటే నావల్ల గాదు."

మావారు పాపని భుజాల మీదికి ఎక్కించుకుని మోకాలి లోతు, నడుం లోతు వెళ్ళారు. సరైన కెరటం కూడా లేని సముద్రం అది. అయినా పాప ఆయన జుట్టు రెండు చేతులా పట్టుకుని కేరింతలు కొట్టింది. కొట్టి, ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది. ఒడ్డున ఆయన వీపు బిగుసుకుపోయింది. మావారు సరేసరి, నోట్లో నాలుక లేదు. నేను కుచ్చిళ్ళు పైకి దోపుకుని నీళ్ళలో నిలబడ్డాను.

"ఏం మాట్లాడను బాబాయిగారూ?" అని అరిచాను.

"నా మీద నీకు శానా ఉందిగా. అది మాట్లాడు."

ఉంది. లేకేం! గొంతెత్తాను. "మీ కారు ఎద్దుబండికన్నా మెల్లిగా పోతుంది! నా ఉప్మాలో ఉప్పు లేదని క్యాంపంతా చెప్పారు! మా ఆయన్ని నోరెత్తనివ్వరు! చెప్పిన కథే చెప్పి నా బుర్ర తిన్నారు! నా పట్టుచీర నాశనం చేశారు, ఫ్లైటు తప్పితే మమ్మల్ని మీరే మోసుకెళ్ళండి!" రోడ్డు మీద పోయే కార్లు నెమ్మదించాయి. ఒక్కో మాటకీ ఆయన అటు తిరిగే తలూపుతూ "ఆఁ", "ఆఁ" అంటున్నారు. నాకు తిట్లు అయిపోయాయి. అయిపోతే ఆగిపోతానని భయం వేసి, నోటికొచ్చింది అరిచాను. "రేపణ్ణించి మీకు టీ ఎవరు పెడతారు? ఏకాదశికి ఖర్జూరాలు ఎవరు కడిగి ఇస్తారు? రెండేళ్ళు ఏం తిని బతుకుతారు మీరు?" ఒక్క క్షణం ఆగాను.

ఆయన సముద్రం వైపు తిరగలేదు. చెయ్యి మాత్రం పైకెత్తారు, బొటనవేలు ఆకాశానికి.

"వినబడతంది అమ్మాయ్" అన్నారు. "ఆపమాక. తిట్టు."